విడాకులు లేని కాపురానికి బాబాయి చిట్కాలు

న్యూజిలాండ్‌లో జరిగే పెళ్లిళ్లలో దాదాపు మూడో వంతు పాతికేళ్ల పండగ చేసుకోకుండానే కోర్టులో ముగుస్తాయి. మన సంగతి వేరు. 2011 జనాభా లెక్కల్లో భారతదేశం మొత్తం మీద విడాకులైనట్టు రాయించుకున్నవాళ్లు 13.6 లక్షల మందే. విడాకుల్లేకుండా విడిగా బతుకుతున్నవాళ్లు మాత్రం అంతకు రెండున్నర రెట్లు. మన సంస్కృతి గొప్పతనమంతా ఈ రెండో అంకెలో ఉంది నాయనా. కాపురం విరిగితే విరగనీ, విరిగినట్టు కాగితం మీదకి ఎక్కకూడదు. పెళ్లాన్ని ఆక్లాండ్‌లోని మౌంట్ రాస్కిల్‌కి తెచ్చుకుంటున్న కొత్త పెళ్లికొడుకులకి ఆ కిటుకు చెబుదామనే ఈ నాలుగు ముక్కలు.

ముందు వీసా చూసుకో. పార్ట్‌నర్‌షిప్ మీద రెసిడెన్సీ రావాలంటే ఇద్దరూ 12 నెలలు నిజంగా కలిసి కాపురం చేశారని ఇమిగ్రేషన్ వాళ్లకి రుజువు చూపాలి. ఇద్దరి పేర్ల మీదా అద్దె కాగితం, జాయింట్ అకౌంటు, పవర్ బిల్లు, ఫొటోలు. కాబట్టి ఓ ఆదివారం అమ్మాయిని మన రాస్కిల్ కొండ ఎక్కించు. 110 మీటర్లే, పట్టుచీరతో కూడా ఎక్కెయ్యొచ్చు. భుజం మీద చెయ్యేసి ఓ పది ఫొటోలు దిగు. జాయింట్ అకౌంట్లో ఓ ఇరవై డాలర్లు పడెయ్. ఫైలు పంపేశాక ఆ చెయ్యి తీసెయ్యొచ్చు. అమ్మాయి జీతం మాత్రం నీ సొంత అకౌంట్లో పడేలా చూడు. పాస్‌వర్డ్ అడిగిందా, "నా మీద నమ్మకం లేదా?" అని నువ్వే ముందు నొచ్చుకో.

ఎదురు చెబితే "నీ వీసా నా చేతిలో ఉంది" అను. ఈ ఒక్క మాట మీద ఎన్ని కాపురాలు నిలబడ్డాయో! అయితే ఒక జాగ్రత్త. సిటిజనో రెసిడెంటో అయిన మొగుడి చేతిలో హింస పడ్డవాళ్ల కోసం ఈ దేశంలో విడిగా ఒక వీసా ఉంది. 1995లో ఒనెహంగాలో ఆసియా ఆడవాళ్లు తమకోసం పెట్టుకున్న శక్తి అనే సంస్థ ఉంది. ఒనెహంగా ఇక్కణ్ణుంచి కారులో పావుగంట కూడా లేదు. అందుకే అమ్మాయికి డ్రైవింగ్ నేర్పకు. సరుకులకి స్టాడర్డ్ రోడ్డుకి నువ్వే తీసుకెళ్లి, కారులో కూర్చుని హారన్ కొడుతూ ఉండు.

ఇక అమ్మ. ఇక్కడ దేవుడే మన పక్షాన ఉన్నాడు. ఇక్కడి ఎండాకాలంలో మనం ఇండియాకంటే ఏడున్నర గంటలు ముందుంటాం. ఇక్కడ రాత్రి పది, అక్కడ మధ్యాహ్నం రెండున్నర. అమ్మ భోంచేసి, నడుం వాల్చి, కోడలి గురించి తీరిగ్గా ఆలోచించే వేళ. అదే వేళకి ఇక్కడ కోడలు రెస్ట్ హోమ్‌లో డ్యూటీ ముగించుకొచ్చి కాళ్లు చాపుకుంటుంది. అప్పుడు ఫోను స్పీకర్లో పెట్టు. "ఇవాళేం వండింది?" అంటే నిజమే చెప్పు. ఫ్రిజ్‌లో నిన్నటి పప్పే ఉందన్న సంగతి విజయవాడ దాకా తెలియాలి. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడానికి రోజు మొత్తంలో మిగిలేది ఆ అరగంటే. అదీ ఇలా సద్వినియోగమైతే ఇక పోట్లాడుకోవడానికి టైమెక్కడిది? (చలికాలంలో తేడా ఒక గంట తగ్గుతుంది. ఆ లోటు ఆదివారాలు పూడ్చుకో.)

పోట్లాటే వస్తే కౌన్సెలర్ దగ్గరికి మాత్రం పోకు. ఫ్యామిలీ కోర్టు ఉచితంగా ఇప్పించే కౌన్సెలింగ్ 2014లో ఎత్తేశారు, ఆ ఖాళీలో పెద్దలం మేమున్నాం. ఇద్దరి మాటా వింటాం, అబ్బాయి మాట ముందు వింటాం. "సర్దుకుపోవాలమ్మా" అని ఆ పిల్లకి చెప్పి, నీకు ఇంకో ఇడ్లీ వేస్తాం. విన్నది ఎవరికీ చెప్పం, పాపకూరా దాకా ఉన్న తెలుగువాళ్లకి తప్ప.

అసలు ఈ దేశాన్ని పాడుచేసింది చట్టం. 1981 అక్టోబరు నుంచి ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు, రెండేళ్లు విడిగా ఉంటే చాలన్నారు. మరుసటేడు, 1982లో, వెయ్యి కాపురాలకి 17 కూలాయి. చూశారా అని నేను కనబడ్డవాళ్లందరికీ ఈ అంకె చెబుతుంటాను. "మరి తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు అందులో సగం కూడా లేవు కదా మావయ్యా! అవి చట్టం కూల్చినవి కావు, ఎప్పుడో కూలిపోయి చట్టం కోసం కాచుకున్నవి" అంటుంది మా కోడలు. ఆ పిల్లకి డ్రైవింగ్ వచ్చు.

పెళ్లి గొడవే వద్దు, ఊరికే కలిసి ఉంటానంటావా? శభాష్. ఇంట్లో "ఫ్లాట్‌మేట్" అని చెప్పు. తాళి లేదు, సంతకం లేదు, బాధ్యత అసలే లేదు. కాకపోతే 2002 ఫిబ్రవరి నుంచి ఇక్కడి ఆస్తి చట్టం అలాంటి జంటల్ని కూడా పెళ్లైనవాళ్లలాగే చూస్తోంది. మూడేళ్లు కలిసి ఉంటే, మామూలుగా, కాపురమున్న ఇల్లు చెరిసగం. నువ్వు ముందే కొనుక్కున్నదైనా సరే. అలా వద్దనుకుంటే ఒప్పందం రాసుకోవచ్చు గానీ, ఇద్దరికీ చెరో లాయరు ఉండి, సలహా చెప్పి, సంతకానికి సాక్షిగా నిలబడాలి. అంత ఖర్చెందుకు? నెట్‌లోంచి ఓ ఫారం దింపి, అమ్మాయి ఉల్లిపాయలు తరిగే వేళ చూసి సంతకం పెట్టించు. ఏడ్చినా ఎందుకో ఎవరికీ తెలియదు.

ఇంత చేసినా వెళ్లిపోయిందనుకో. రెండేళ్ల గడువు పూర్తి కాకుండా మధ్యలో బతిమాలి తెచ్చుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుందని మనవాళ్ల నమ్మకం. నిజానికి రాజీ కోసం కలిసి ఉన్న రోజులు మొత్తం మూడు నెలలు దాటకపోతే గడువు తెగదు. కాబట్టి మూడు నెలలు దాటేదాకా బతిమాలు. ప్రొటెక్షన్ ఆర్డర్ తెచ్చుకుందంటే మాత్రం అదీ కుదరదు. 2025 అక్టోబరు నుంచి అలాంటివాళ్లు రెండేళ్లు ఆగక్కర్లేదు.

ఇంకో దారుంది. "మీ అమ్మని చూసొద్దాం" అని తీసుకెళ్లి, ఇండియాలో దింపేసి, ఇక్కడికొచ్చి నువ్వొక్కడివే విడాకులకి దరఖాస్తు పెట్టడం. విదేశీ కాగితం మన తాతల నాటి ధీమా. 1975లో తిరుపతిలో పెళ్లాడిన ఒకాయన 1980లో అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, మరుసటేడు యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరమని కేసు పెట్టింది. ఆ మిస్సోరీ కాగితం మన దగ్గర చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. కాపురం కోలుకోలేనంతగా విరిగిపోయిందన్నది హిందూ వివాహ చట్టంలో లేని కారణమనీ, భార్య ఆ కోర్టుకి ఒప్పుకోలేదనీ చెప్పింది. ఆక్లాండ్‌లో ఇచ్చే విడాకులు కూడా సరిగ్గా ఆ కారణం మీదే. అంటే నువ్వు మౌంట్ రాస్కిల్‌లో ఒంటరివాడివి, గుంటూరులో సంసారివి. రెండో పెళ్లికి హాలు గుంటూరులో మాట్లాడుకుంటుంటే, అడ్వాన్సు వాపసిస్తారో లేదో ముందే కనుక్కో.