కీలు గలదె? – ఒక గిన్నె పద్యానికి టీకా తాత్పర్యం

చెక్కముక్క లంట జేర్చిన పదిరెండు
చక్రమగును, పిదప చట్రమెక్కి
తిరిగి తిరిగి యులికి తిన్నగ నొడలిచ్చి
గిన్నె యైన వెనుక కీలు గలదె?

ప్రతిపదార్థం: అంటన్ = సందు లేకుండా; చేర్చిన = బంక పూసి బిగించిన; పదిరెండు = పన్నెండైన; చెక్కముక్కలు = ఒకే కొలతకు కోసిన చెక్క బిళ్లలు; చక్రము అగును = వలయమవుతాయి; పిదపన్ = బంక ఆరిన తరువాత (ఆరుతూండగా కాదు); చట్రము = లేత్ మిషను; ఎక్కి = ఎక్కి; తిరిగి తిరిగి = నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరిగి; ఉలికిన్ = ఉలికి; తిన్నగన్ = పేచీ లేకుండా; ఒడలు ఇచ్చి = ఒళ్లప్పగించి; గిన్నె ఐన వెనుక = గిన్నె అయ్యాక; కీలు = అతుకు; కలదె = ఉంటుందా?

తాత్పర్యం: ముక్కలు అతికి, లేత్ మీద తిప్పి, గిన్నెగా తొలిచాక అతుకన్నది ఎక్కడ మిగులుతుందని కవిగారి ధీమా.

వ్యాఖ్య: మెతుకుసీమ కొలిచారం వాడైన సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిన పట్టాడు. మొదటి సగం నాకూ సమ్మతమే. రెండో సగం పాటిస్తే ఈ వ్యాఖ్య తాత్పర్యంతోనే ముగిసిపోతుంది.

‘పదిరెండు’ అన్నచోట వేదాంతం తెలిసినవారు ద్వాదశాదిత్యులను దింపుతారు. అది పొసగదు. ఆదిత్యులు నెలకొకరు చొప్పున వస్తారు. బంక పూశాక ముక్కలన్నీ ఒక్కసారే రావాలి. ఇక్కడ పన్నెండుకు కారణం గణితం. ముక్కకు రెండు కొసలు, మొత్తం ఇరవై నాలుగు కోతలు. ఒక్కో కోత 15 డిగ్రీల వాలు. ఇరవై నాలుగు పదిహేనులు 360, వృత్తం పూర్తి. 24 సెంటీమీటర్ల వెడల్పు వలయం కావాలంటే ముక్క వెలుపలి అంచు 6.4 సెంటీమీటర్లుండాలి. ఇంతవరకూ ఎక్కాలు వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. అసలు సంగతి ముందుంది. రంపం పావు డిగ్రీ తప్పిందనుకోండి. పావు డిగ్రీ కంటికి ఆనదు. కానీ అది ఇరవై నాలుగుసార్లు పోగై ఆరు డిగ్రీలవుతుంది. పదకొండు ముక్కలు ముద్దుగా కూర్చుని, పన్నెండో దాని పక్కన అర అంగుళం సందు నోరు తెరుస్తుంది. అందులో రంపపు పొట్టూ బంకా కలిపి కూరేవారున్నారు. వారి గురించి ఈ వ్యాఖ్యలో చెప్పేదేమీ లేదు.

‘అగును’ అన్న క్రియలో ధీమా ఎక్కువ. అనుభవజ్ఞులు వలయాన్ని ఒక్కసారిగా మూయరు. ఆరేసి ముక్కలతో రెండు అర్ధవలయాలు అతికి, ఆరాక వాటి కొసలను బల్లపరుపు పలక మీద అంటించిన గరుకు కాగితానికేసి రుద్దుతారు. పోగైన తప్పంతా ఆ కొసల్లో పొడై రాలిపోతుంది. అప్పుడు రెండు సగాలూ కలుస్తాయి. దీన్ని మోసం అనేవారు ఒక్క వలయమైనా అతికి ఉండరు.

‘చక్రము’ అన్న ఏకవచనం మీద ఆక్షేపణ ఉంది. ఒక్క వలయంతో గాజు వస్తుంది గాని గిన్నె రాదు కదా అని. సమాధానం: ఇది జాత్యేకవచనం. చిన్నవీ పెద్దవీ అయిన వలయాలు ఒకదానిమీద ఒకటి పేర్చాలని భావం. పేర్చేటప్పుడు తాపీమేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు, కింది అతుకు మీద పై ముక్క నడుమ రావాలి. అంటే ప్రతి వరుసా అర ముక్క జరగాలి. అరముక్క అంటే మళ్లీ 15 డిగ్రీలే. ఇది శోభ కోసం కాదు. ముక్కలు కలిసేది కొసలకు కొసలుగా. చెక్క కొస బంకను లోపలికి పీల్చేసుకుంటుంది, అక్కడి పట్టు బలహీనం. పై వరుస అడ్డంగా కూర్చుని ఆ బలహీనతను కాస్తుంది.

‘తిన్నగ నొడలిచ్చి’: ఇది మాత్రం నిజం. ఒకే దుంగలో తొలిచే గిన్నెలో చుట్టుకు రెండుసార్లు నారకు ఎదురు వస్తుంది, ఉలి గీరుకుంటుంది. అతుకుల వలయంలో నార చుట్టూరా నడుస్తుంది కనుక ఆ పేచీ తక్కువ. మన ఏటికొప్పాక వారు సన్నని అంకుడు కొయ్యను ఒంటిముక్కగానే తిప్పి, తిరుగుతుండగానే ఆ రాపిడి వేడితో లక్క అద్దుతారు. అది వేరే సంప్రదాయం, వేరే కావ్యం.

రసం: మీట నొక్కేదాకా శాంతం, నొక్కాక భయానకం. ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి, మొహానికి కవచం పెట్టుకోవాలి, ముక్కలు ఎగిరే వరుసలో నిలబడకూడదు.

ఇక ‘కీలు గలదె?’ కాకువు వల్ల ‘లేదు’ అని అర్థం రావాలని కవి కోరిక. కానీ పద్యం మొత్తం వెతకండి, అడుగు లేదు! పాదాలు నాలుగున్నాయి గాని గిన్నెకు అడుగు లేదు. కవి దాటేసిన చోటే జవాబుంది. తేమకు చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార పొడుగునా దాదాపు కదలదు. చుట్టూరా నార ఉన్న వలయం అందుకే వానాకాలంలోనూ వ్యాసం పెద్దగా మారదు. అడుగున ఒకే పలక బిళ్ల అతికితే అది ఒక దిక్కున ఉబ్బి వలయాన్ని నెడుతుంది. అతుకు విచ్చుతుంది; ఎండాకాలంలో కుంచించుకుపోతే బిళ్లే చీలుతుంది. ప్లైవుడ్ అడుగు వేసినవారు బతికిపోతారు. వారి గిన్నె మీద కూడా కొన్నాళ్లకు గోరు పెట్టి గీస్తే, ఎంత నున్నగా రుద్దిన అతుకైనా సన్నని గట్టులా తగులుతుంది. బంక నెమ్మదిగా జారుతుంది, చెక్క నెమ్మదిగా కదులుతుంది.

పాఠాంతరం: ఒక వడ్రంగి షెడ్డు గోడకు అంటించిన ప్రతిలో చివరి పాదం ‘గిన్నె యైన వెనుక కీలె గలదు’ అని ఉంది. గణాలు సరిపోయాయి, యతీ చెడలేదు. పరిష్కర్తలు దీన్ని లేఖక దోషమని కొట్టేశారు. కొట్టేసింది ఎండాకాలంలో అయి ఉండాలి. నేను ఈ పాఠాన్నే గ్రహిస్తున్నాను.

ఫలశ్రుతి: ఇందులో పులుసు పోయరాదు. తెల్ల బంక నీళ్లకు ఆగదు. తాళంచెవులు వేసుకోవచ్చు.