కొలతల సారు

హైదరాబాదులో పాతికేళ్ళు పైబడిన అపార్ట్‌మెంటు ఏదైనా తీసుకోండి, అందులో ఒక కొలతల సారు ఉంటారు. ఆ పేరు వాచ్‌మన్ పెట్టింది. సారు రిటైరై రెండేళ్ళు నిండి ఉండవు. చొక్కా జేబులో కళ్ళజోడు పక్కన స్టీలు టేపు ఉంటుంది. చేసిన ఉద్యోగం బ్యాంకులోనో, రైల్వేలోనో, ఇరిగేషన్‌లోనో. ఇరిగేషన్ అయితే జబ్బు కాస్త ముదురు రకం. మనం చెప్పుకుంటున్న సారు ఇరిగేషనే.

కథ మొదలయ్యేది మాత్రం ఆయన ఇంట్లో కాదు, కింది ఫ్లాటు బాత్రూం సీలింగు మీద. అక్కడ అప్పడమంత పసుపు మరక కనబడుతుంది. అప్పటి బిల్డింగుల్లో బాత్రూం స్లాబును అడుగు దాకా కిందికి దించి, ఆ గుంటలో పైపులు పరిచి, పైన ఇటుక ముక్కలు పోసి పూడ్చేవారు. ఎక్కడో ఒక జాయింటు వదులవుతుంది. నీళ్ళు ఆ ఇటుక ముక్కల్లో చేరి, ఏళ్ళ తరబడి నానబెట్టి, తీరిగ్గా కిందికి దిగుతాయి. ప్లంబరు వచ్చి చూసి, ఒక మూల తవ్వి జాయింటు మారిస్తే సరిపోతుందేమో చూద్దామంటాడు.

"పగలగొట్టేది ఎలాగూ పగలగొడుతున్నాం కదా!" అంటారు సారు.

తెలుగు మధ్యతరగతి కొంపల్లో ఇంతకంటే ఖరీదైన వాక్యం ఇంకొకటి లేదు.

బాత్రూం పొడవు 7 అడుగులు, వెడల్పు 4. సారు దాన్ని ముందు అడుగుల్లోనూ, తర్వాత మిల్లీమీటర్లలోనూ, నమ్మకం చాలక మళ్ళీ అడుగుల్లోనూ కొలుస్తారు. 1970లో తొలిసారి అచ్చయిన జాతీయ భవన నిర్మాణ స్మృతిని బయటికి తీస్తారు. స్నానానికీ, కమోడ్‌కీ కలిపి ఒకే గది అయితే కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలని, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గకూడదని అందులో ఉంది. వెడల్పు బొటాబొటిగా పాసవుతుంది. వైశాల్యం లెక్క కడితే 2.6 తేలుతుంది. అంటే బిల్డరు రెండు చదరపు అడుగులు మింగేశాడన్నమాట. ఈ సంగతి ఆ సాయంత్రానికి లిఫ్టులో ఎక్కినవాళ్ళందరికీ తెలుస్తుంది. వాళ్ళలో సగం మంది ఇళ్ళకెళ్ళి టేపు వెతుక్కుంటారు.

ఇక నోటుపుస్తకం. అందులో సారు కోరికలన్నీ స్కేలుకు గీసి ఉంటాయి. గోడకు వేలాడే కమోడ్, స్నానం చేసే చోటికి గాజు తలుపు, వాష్‌బేసిన్ కింద అలమర, 25 లీటర్ల గీజర్, అమ్మకు పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, వీలైతే వాషింగ్ మెషీను. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎంతో సబబు. అన్నీ కలిపితే స్నానం చేసే మనిషికి తప్ప అన్నిటికీ చోటు దొరికింది.

గోడకు వేలాడే కమోడ్ సంగతి కాస్త నింపాదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే సగం బడ్జెట్టు దాని మీదే వేలాడుతుంది. నేలకు తగలదు కాబట్టి చోటు కలిసొస్తుందని సారు వాదన. కానీ దాని ఫ్లష్ ట్యాంకు గోడలో దాక్కోవాలి. అపార్ట్‌మెంటులో గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలు. అందులో ట్యాంకు దాగదు. దాని ముందు ఇంకో దొంగ గోడ అరడుగు మందాన లేపాలి. కలిసొస్తుందనుకున్న చోటు కాస్తా గోడ తింటుంది. ఇదంతా విన్నాక కూడా సారు పట్టు వదలరు. "400 కిలోల బరువు మోస్తుందట, తెలుసా?" అంటారు.

"ఎవరిని కూర్చోబెడదామనండీ?" అని వంటింట్లోంచి వినిపిస్తుంది.

ట్రూప్ బజారులో శానిటరీ షాపులవాళ్ళు కొలతల సార్లను గుమ్మంలోనే పోల్చుకుంటారు. వాళ్ళు కుళాయి కొనరు, తిప్పి చూస్తారు. సారు అయితే సేల్స్ కుర్రాడికి చరిత్ర కూడా చెబుతారు. 1775లో ఫ్లష్ కమోడ్‌కు పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమింగ్ గడియారాలు చేసే మనిషి, కమోడ్ కింద ఆ వంపు పెట్టింది ఆయనే, వంపులో రెండంగుళాల నీళ్ళు నిలబడబట్టే డ్రైనేజీ వాసన ఇంట్లోకి రావడం లేదు. కుర్రాడు శ్రద్ధగా విని, "మీ పైపు గోడ నుంచి ఎన్ని ఇంచులుంది సార్, నాలుగా, తొమ్మిదా, పన్నెండా?" అని అడుగుతాడు. సారు బిత్తరపోతారు. నోటుపుస్తకంలో సబ్బు పెట్టె కొలత కూడా ఉంది, ఇది ఒక్కటీ లేదు. ఆ ఒక్క అంకె మీదే ఏ కమోడ్ కొనాలన్నది ఆధారపడి ఉంటుంది. సారు ఇంటికి ఫోన్ చేస్తారు. వాళ్ళావిడ చీపురుపుల్ల పెట్టి కొలిచి, జానెడు అని చెబుతారు.

మధ్యలో బావమరిది వాస్తు పట్టుకుని దిగుతాడు. కమోడ్ మీద తూర్పు ముఖంగా కూర్చోకూడదంటాడు. తిప్పాలంటే మురుగు పైపు తిప్పాలి, అది కింది అయిదు అంతస్తుల గుండా నిటారుగా దిగుతోంది. వాస్తు అక్కడితో సర్దుకుంటుంది.

చివరికి మేస్త్రి వస్తాడు. పాలమూరు మనిషి, పలుగు పట్టుకోకముందే సగం ప్లాను పడగొడతాడు. సారు నేలకు 2 అడుగులకు 2 అడుగుల టైళ్ళు ఎంచారు. పెద్ద టైలు వేస్తే చిన్న గది పెద్దదిగా కనిపిస్తుందని ఎవరో చెప్పారు. "నీళ్ళు నాలుగు దిక్కుల నుంచీ జాలీ దగ్గరికి రావాలె కదా సార్? టైలుకు నడుము వంగదు," అంటాడు మేస్త్రి. నిజమే. అడుగుకు పావు అంగుళం వాటం నాలుగువైపుల నుంచీ రావాలంటే పెద్ద టైలును ఏటవాలుగా కోయాలి, లేదా అడుగు టైళ్ళు వేయాలి. పది వేల అడుగులకు ఒక్క అడుగు వాలుతో కాలువలు పారించిన సర్వీసు సారుది. అడుగుకు పావు అంగుళం దగ్గర ఓడిపోవడం ఆయనకు మింగుడుపడదు. లెవెల్ గొట్టం తెప్పించి స్వయంగా చూస్తారు. మేస్త్రి మాటే నిలుస్తుంది.

గాజు తలుపు కూడా అలాగే పోతుంది. ఇంటికొచ్చేవి ఎక్కువ బోరు నీళ్ళు. ఆ ఉప్పదనానికి గాజు మీద తెల్లటి చారలు కడతాయి, రోజూ తుడవాలి. ఎవరు తుడుస్తారన్న ప్రశ్న ఇంట్లో లేచిన మరుక్షణం గాజు ప్లానులోంచి మాయం. ఆవిడ అడిగినవి రెండే: బకెట్టు ఎక్కడ పెట్టాలి, తలుపు బయటికి తెరుచుకుంటుందా. రెండోది సారు ఆలోచనలన్నిటికన్నా తెలివైనది. లోపల అత్తగారు జారిపడితే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆవిడే అడ్డం పడి ఉంటారు, తోయడానికి కూడా ఉండదు. దీన్ని సారు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, మర్నాటి నుంచీ తన ఆలోచనగానే లిఫ్టులో చెబుతున్నారు.

పాత నేల తవ్వి, తడి ఇటుక ముక్కలు బస్తాలకెత్తి, వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు పూశాక అసలు పరీక్ష ఉంటుంది. జాలీకి గుడ్డ కుక్కి, గదిలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు నింపి 48 గంటలు ఉంచాలి. సారు జీవితంలో మళ్ళీ ఒక జలాశయం! మట్టం ఎంతుందో గోడ మీద పెన్సిలుతో గీత గీసి, గంటకోసారి కిందికి దిగి ఆ ఇంటి సీలింగు తడిమి వస్తుంటారు. కింది ఫ్లాటావిడ మొదటిరోజు కాఫీ ఇచ్చింది. రెండోరోజు ఉప్మా కూడా పెట్టింది. రాత్రి తొమ్మిదింటికి టార్చి వేసి చూస్తుంటే ఇక ఉండబట్టలేక అడిగింది:

"అన్నయ్యగారూ, ఎలాగూ మీకు పని బాగా తెలిసింది కదా, మాదీ బాగుచేయించాలనుకుంటున్నాం. ఒకసారి కొలతలు తీసి పెడతారా?"

"కొలవడమెందుకమ్మా," అన్నారు సారు టార్చి దించకుండానే, "మీదీ మాదీ ఒకటే ప్లాను. మీ ఇంటి కాగితం కూడా ఎప్పుడో గీసి ఉంచాను."