మూతార్థదీపిక

మూలం: ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తీయరాదు.

అవతారిక. హెవీ లారీ రేడియేటర్ మూత నెత్తిన ఇంగ్లిషు అక్షరాలుగానో, చేతిమీదికి ఎగదన్నే ఆవిరి బొమ్మగానో ఉండే వాక్యానికి ఇది తెలుగు పాఠం. కర్త ఎవరో తెలియదు. యతి లేదు, ప్రాస లేదు. అలంకారం స్వభావోక్తి, రసం భయానకం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మెదకుసీమ పండితుడు మల్లినాథసూరి, మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనని ముందే మాటిచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. మూత పేరెత్తాక దాని కింది నీళ్ల సంగతీ, ఆ నీళ్లను తిప్పే పంపు సంగతీ ఎత్తకుండా ఉండలేడు.

ఇంజను అనగా డీజిలు తాగి లారీని లాగేది అని లోకప్రసిద్ధమైన అర్థం. తాగినదాంట్లో లాగడానికి పనికొచ్చేది సగానికి లోపే. మిగతాదంతా వేడి. కొంత పొగగొట్టం వెంట పోతుంది, పావు వంతుకు అటూ ఇటూగా కూలెంటు నెత్తిన పడుతుంది. మారేడుమిల్లి ఘాట్‌లో నిండు లోడుతో రెండో గేరులో ఎక్కే బండికి మంట ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. అక్కడ రేడియేటర్‌కు ఫ్యానే దిక్కు.

వేడిగా అన్న పదం దగ్గర పెద్ద వివాదం ఉంది. వేడి దోషమే కదా, మొదలంటా తీసేస్తే పోలేదా అని పూర్వపక్షి. ఇతను సాధారణంగా హైవే పక్క రేకుల షెడ్డులో, చేతిలో స్పానరుతో దొరుకుతాడు. "థర్మోస్టాట్ పీకేశాం, ఇక హీటెక్కదన్నా" అని తీర్పు చెప్పి పంపిస్తాడు. ఇది పొసగదు. థర్మోస్టాట్‌లోని మైనపు గుళిక దాదాపు 82 డిగ్రీల దగ్గర కరిగి, ఉబ్బి, వాల్వును తోసి నీళ్లను రేడియేటర్ వైపు వదులుతుంది. అందాకా నీళ్లు బైపాస్ దారిలో ఇంజనులోనే తిరుగుతాయి. దాన్ని పీకేస్తే చలికాలం ఉదయం ఇంజను ఎంతకీ కాగదు. కాలని డీజిలు ఆయిల్లో కలుస్తుంది, లైనర్లు అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. ఇంకో చమత్కారం ఉంది. చాలా ఇంజన్లలో ఇదే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నాక బైపాస్ దారిని మూసేస్తుంది. అది లేని బండిలో నీళ్లు కొన్ని రేడియేటర్ ముఖమే చూడకుండా తిరిగొచ్చేస్తాయి. చల్లబడాలని పీకితే వేడెక్కుతుంది. విరోధాభాసకు ఇంతకన్నా మంచి ఉదాహరణ అలంకారశాస్త్రంలోనూ దొరకదు.

ఉన్నప్పుడు: ఇంజను ఆపేశాక కూడా అని గ్రహించాలి. ఆపగానే పంపూ ఫ్యానూ ఆగుతాయి. హెడ్డులో పట్టి ఉన్న వేడి మాత్రం నిలిచిన నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. డ్రైవరు టీ తాగి వచ్చేలోపు నీళ్ల వేడి తగ్గకపోగా కాస్త పెరగవచ్చు. ఘాట్ ఎక్కిన బండిని మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపమనేది ఇందుకే. టర్బోకూ అదే మేలు.

ఇక మూత. వాక్యానికి ప్రాణం ఇదే. దుమ్ము పడకుండా పెట్టిన డబ్బా మూత అనుకుని చాలామంది దీన్ని అవమానిస్తారు. తిప్పి చూస్తే స్ప్రింగు కింద రబ్బరు వాషరు, దాని నడిమధ్య బిళ్లంత చిన్న వాల్వు ఇంకొకటి కనిపిస్తాయి. పెద్ద స్ప్రింగు నీళ్లను ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది. మూతమీద 0.9 అని ఉంటే 0.9 బార్ అని అర్థం. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు 100 దగ్గర కాక, దాదాపు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. సగానికి సగం గ్లైకాల్ కలిపితే 125 దాకా ఓర్చుకుంటాయి. అందువల్ల 105లో నిమ్మళంగా ఉన్న నీళ్లు మూత విప్పిన క్షణాన భళ్లున మరుగుతాయి. లీటరు నీరు ఆవిరైతే 1,600 లీటర్ల పైచిలుకు చోటు కావాలి. దొరికేది క్లీనరు ముఖం వైపు దారే.

నడిమి చిన్న వాల్వుది తిరుగు ప్రయాణం పని. బండి చల్లారి లోపలి నీళ్లు కుంచించుకున్నప్పుడు అది తెరుచుకుని, పక్క డబ్బాలోకి పొంగిన కూలెంటును వెనక్కి లాగుతుంది. అది బిగుసుకుపోతే తెల్లారేసరికి పై హోసు పైపు లోపలికి పీక్కుపోయి కనిపిస్తుంది. నేరం మూతది, శిక్ష పైపుకి.

తీయరాదు: నిషేధం. పై హోసును చేత్తో నొక్కితే మెత్తగా అణిగేదాకా ఇది వర్తిస్తుంది. ఆ తర్వాత కూడా మందపాటి గుడ్డ కప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి పోనిచ్చి, అప్పుడే విప్పాలి. మరిగిపోయిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగిలే ప్రమాదం ఉంది.

అధ్యాహారం. వాక్యంలో అతి ముఖ్యమైన నామవాచకం లేనే లేదు. మూత కింద ఉన్నదేమిటి? నీళ్లని క్లీనరు పాఠం, కూలెంటని మాన్యువల్ పాఠం. మొదటిదాన్ని నమ్మి నల్లగొండ వైపు ఏ బోరు దగ్గరో బకెట్‌తో నింపితే, ఆ గట్టినీళ్లలోని సున్నం గొట్టాల లోపల పొర కడుతుంది. రెండోదే సాధుపాఠం: డిస్టిల్డ్ వాటరు సగం, గ్లైకాల్ సగం. మన దగ్గర మంచు పడదు, యాంటీఫ్రీజ్ ఎందుకు అనేవాడికి సమాధానం లైనరు మీద ఉంది. చాలా పెద్ద డీజిల్ ఇంజన్లలో లైనరు వెలుపలి గోడకు నీళ్లు నేరుగా తగులుతాయి. ప్రతి మంటకూ లైనరు సన్నగా అదురుతుంది. గోడ పక్కన కంటికి ఆనని ఆవిరి బుడగలు పుట్టి, పగిలి, పగిలినప్పుడల్లా ఇనుమును రవ్వంత గిల్లుతాయి. కొన్నాళ్లకు సూది బెజ్జాలు పడి నీళ్లు సిలిండర్లోకి చేరతాయి. కూలెంటులో కలిపే నైట్రైట్ లాంటి మందులు గోడమీద రక్షణ పొర కడతాయి. అవి ఖర్చైపోయాయో లేదో రంగు చూసి చెప్పలేరు. ఆకుపచ్చా ఎరుపూ కంపెనీవాళ్లు వేసే అద్దకమే. టెస్ట్ స్ట్రిప్ ముంచి చూడాలి.

ఉత్తరభాగం: అప్‌గ్రేడ్. బండి హీటెక్కుతోందనగానే మూడు వరసల కోర్ తీయించి నాలుగు వరసలది వేయించుకోవడం ఓనర్లకు ముచ్చట. అంతకుముందు పాతదాన్ని రేడియేటర్ షాపులో విప్పించి చూడటం మంచిది. రాగి రేడియేటర్ అయితే టంకం కరిగించి ట్యాంకు ఊడదీస్తారు, గొట్టాల్లోకి సన్నటి ఇనప బద్దలు తోస్తారు, తెల్లటి పెచ్చులు రాలిపడతాయి. మళ్లీ టంకం వేసి, గాలి ఎక్కించి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తారు. చాలా బళ్లకు ఆ వైద్యమే సరిపోతుంది. ఇంటర్‌కూలరుకూ రేడియేటర్‌కూ మధ్య సందులో ఊక, దుమ్ము, పురుగులు గడ్డకట్టి ఉండటం మరో గుప్తదోషం. ముందు నుంచి చూస్తే గ్రిల్లు మెరుస్తూనే ఉంటుంది. బోల్టులు వదులు చేసి రెండింటినీ విడదీసి, ఇంజను వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి.

0.9 మూత తీసి 1.1 వేస్తే చాలునని మరో మతం. నీళ్లు ఆలస్యంగా మరిగే మాట నిజమే. ఇంజను వేడి మాత్రం ఒక్క డిగ్రీ తగ్గదు. పెరిగిన ఒత్తిడి పాత హోసు, టంకం అతుకు, పంపు సీలు మూడింట్లో ఏది బలహీనమో దాన్ని వెతుక్కుంటుంది. సీలు దొరికితే వాటర్ పంపు కింది చిన్న బెజ్జంలోంచి చుక్కలు మొదలవుతాయి. ఆ బెజ్జాన్ని ఎం-సీల్‌తో మూసేసే పాఠం కొన్ని షెడ్లలో ప్రచారంలో ఉంది. అది ప్రక్షిప్తం. సీలు పోయిందని చెప్పడానికే ఆ బెజ్జం పెట్టారు, మూసేస్తే నీళ్లు బేరింగులోకి పోతాయి.