మద్దెల ఎప్పుడూ బాగానే ఉంటుంది

ఆడలేక మద్దెల ఓడు అందట వెనకటికొకతె. సైన్యాలు ఈ సామెతను తిరగేసి వాడుకుంటున్నాయి. మోర్టార్ గొట్టం చేతుల్లోనే పేలి చుట్టూ ఉన్నవాళ్ళు పోయారనుకోండి, మద్దెలకు ఏ ఢోకా ఉండదు. ఆడినవాడికే ఆట రాలేదని తేలుతుంది. పెద్ద పెద్ద హోదాలవాళ్ళు కూర్చుని, సాక్షులను పిలిచి, శకలాలను భూతద్దంతో చూసి, వందల పేజీలు రాసి, చివరికి రెండు మాటలు చెబుతారు: మానవ తప్పిదం. ఆ మానవుడు వచ్చి కాదనే అవకాశం ఎలాగూ లేదు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు మనవాళ్ళు. మోర్టార్ దగ్గర చచ్చినవాడికి ఆ మర్యాద కూడా దక్కదు. కళ్ళుండీ చూసుకోలేదు అంటారు.

అసలు ఏం చూసుకోవాలో చూద్దాం. మోర్టార్‌లో పెద్ద మర్మమేమీ లేదు. అడుగు మూసిన ఉక్కు గొట్టం, కింద ఒక పళ్ళెం, ముందు రెండు కాళ్ళు. దీనికి ఇప్పుడున్న రూపం 1915లో ఇచ్చినవాడు విల్‌ఫ్రెడ్ స్టోక్స్. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ ఊళ్ళో క్రేన్లు తయారుచేసే రాన్సమ్స్ అండ్ రేపియర్ కంపెనీకి పెద్ద ఆయన. బ్రిటిష్ సైన్యం మొదట దీన్ని వద్దు పొమ్మంది. కారణం? స్టోర్సులో ఉన్న పాత షెల్స్ ఇందులో పట్టవట. అప్పటి బ్రిటిష్ మంత్రి లాయిడ్ జార్జ్ అంతటివాడు కలగజేసుకుంటే గానీ ఫైలు కదల్లేదు. పుట్టుకతోనే ఫైలు దోషం ఉన్న ఆయుధం ఇది, అది గుర్తుపెట్టుకోండి.

పని చేసే తీరు ఇంకా తేలిక. షెల్‌ను తోక కిందికి పెట్టి గొట్టం మూతిలో వదలాలి. తన బరువుకి తానే జారి అడుగుకు చేరుతుంది. అడుగున నిటారుగా ఒక ఫైరింగ్ పిన్ ఉంటుంది. తోకలో ఉన్న ప్రైమర్ దానికి కొట్టుకుంటుంది, మందు అంటుకుంటుంది, షెల్ వచ్చిన దారినే పైకి పోతుంది. వదిలినవాడు చేతులు గొట్టం పక్కనుంచి కిందికి లాగేసుకుని తల వంచుతాడు. లేచేసరికి పక్కవాడు ఇంకో షెల్ చేతికందిస్తాడు. అమెరికన్ల 60 మి.మీ. ఎం224 మోర్టార్ నిమిషానికి 20 షెల్స్ చొప్పున కాలుస్తూ పోగలదు. అంటే షెల్‌కి మూడు సెకండ్లు.

ఆ మూడు సెకండ్లలోనే ఉంది కథంతా. ఒక్కోసారి ప్రైమర్ అంటుకోదు. ఒక్కోసారి అంటుకుంటుంది గానీ ఆలస్యంగా. పాత మందు మసి పేరుకుపోయో, షెల్ కాస్త వంకర పడో మధ్యలో ఇరుక్కోవచ్చు. బయటినుంచి చూస్తే గొట్టం గొట్టంలాగే ఉంటుంది. లోపల ఏముందో చెప్పే కిటికీ లేదు, దీపం లేదు, ముల్లు లేదు. ఉన్నదల్లా ఒక చప్పుడు. అది వినపడితే షెల్ వెళ్ళినట్టు. చెవుల్లో దూది కుక్కుకుని, ఎడమ పక్కన ఒక గొట్టం, కుడి పక్కన ఇంకో గొట్టం అదే పనిగా పేలుతుంటే, అర్ధరాత్రి చీకట్లో, ఆ చప్పుడు తన గొట్టానిదా పక్కవాడిదా అన్నది పంతొమ్మిదేళ్ళ కుర్రాడు తేల్చుకోవాలి. తనదే అనుకుని రెండో షెల్ వదిలాడా, అది మొదటిదాని ముక్కు మీద కూర్చుంటుంది. కిందిది అప్పుడు అంటుకుంటే గొట్టమే బాంబు.

అందుకే మిస్‌ఫైర్ డ్రిల్ అని ఒకటి నేర్పుతారు. గొట్టాన్ని బూటుకాలితో తన్నాలి, ఆగాలి, తరవాత అడుగు భాగాన్ని పళ్ళెంలోంచి విడిపించి మెల్లగా పైకెత్తాలి. ఇంకొకడు మూతి దగ్గర రెండు చేతులూ చుట్టి, వేలు గానీ ఒళ్ళు గానీ మూతికి ఎదురు రాకుండా, జారివచ్చే షెల్‌ను పట్టుకోవాలి. ఈ డ్రిల్ రాసినవాడికి నమస్కారం పెట్టాల్సిందే. కాకపోతే చిన్న ఇబ్బంది. షెల్ లోపల ఉండిపోయిందని తెలిస్తేనే డ్రిల్ మొదలవుతుంది. తెలియకపోవడమే కదా జబ్బు!

2013 మార్చి 18 రాత్రి అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, హాథార్న్ ఆర్మీ డిపోలో మెరైన్లు కొండ ప్రాంతపు యుద్ధానికి సాధన చేస్తున్నారు. ఎం224 గొట్టం పేలింది. ఏడుగురు చనిపోయారు. వెంటనే 60 మి.మీ. మోర్టార్ల వాడకం ఆపేశారు. దర్యాప్తు జరిగింది. రెండు షెల్స్ వేశారని, పద్ధతి పాటించలేదని, రాత్రిపూట నిజమైన షెల్స్‌తో దిగేముందు ఇవ్వాల్సిన తర్ఫీదు ఇవ్వలేదని తేల్చారు. బెటాలియన్ కమాండర్‌తో సహా ముగ్గురు అధికారులను పదవుల్లోంచి తప్పించారు. న్యాయం చెప్పాలంటే, కింది కుర్రాళ్ళ మీదే నెట్టేసి ఊరుకోలేదు, పైవాళ్ళనూ పట్టుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. అయితే పోయినవాళ్ళు, మిగిలినవాళ్ళు, తర్ఫీదిచ్చినవాళ్ళు, ఇవ్వనివాళ్ళు అందరూ దోషులయ్యాక, కేసులో నిర్దోషిగా బయటపడింది ఒక్క గొట్టమే. లోపల షెల్ ఉండగా ఇంకో షెల్‌ను మర్యాదగా లోపలికి రానిచ్చే గొట్టం.

ఉక్రెయిన్‌ది ఇంకో రకం పురాణం. తూర్పున యుద్ధం నడుస్తుండగా కీవ్‌లోని మయాక్ ఫ్యాక్టరీ మొలోత్ అనే 120 మి.మీ. మోర్టార్ చేసిచ్చింది. మొలోత్ అంటే సుత్తి. ఆ సుత్తి శత్రువు మీద పడాల్సింది పోయి సొంతవాళ్ళ మీద పడటం మొదలెట్టింది. ప్రతి పేలుడుకూ పైనుంచి ముందుగా వినపడే అనుమానం అదే: రెండు షెల్స్ వేసుంటారు. 2018 జులై 6న రివ్నె దగ్గర శిక్షణ మైదానంలో ఇంకోటి పేలి ముగ్గురు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. వాడకం కొంతకాలం ఆపారు. లోహం మంచిదా, తయారీ మంచిదా, కుర్రాళ్ళు మంచివాళ్ళా అన్న గొడవ పార్లమెంటు దాకా వెళ్ళింది. అక్కడ మద్దెల మీదకూడా గట్టిగానే అనుమానం పడింది, అంతవరకు నయం. కానీ ‘రెండు వేసుంటారు’ అనే మాటకు ఎంత సౌఖ్యం ఉందో చూడండి! అది నిజమైనా పనికొస్తుంది, కాకపోయినా పనికొస్తుంది. లోపల ఎన్ని షెల్స్ పడ్డాయో లెక్క చెప్పే సాక్షి లేడు. ఒక చిన్న లెక్కల పరికరం మూతికి ఉంటే, ఫ్యాక్టరీ తప్పో సైనికుడి తప్పో ఆ సాయంత్రానికే తేలిపోను. తేలిపోతే ఎవరికి ఇబ్బందో వాళ్ళనే అడగాలి.

రెండో షెల్‌ను మూతి దగ్గరే ఆపడం రేపు పుట్టబోయే విద్యేం కాదు. రెండో ప్రపంచయుద్ధం నాటికే సోవియట్లు 120 మి.మీ. మోర్టార్ మూతికి ఒక అడ్డురేకు బిగించారు. షెల్ లోపలికి వెళ్ళగానే రేకు వాలి దారి మూసేస్తుంది. షెల్ బయటికి దూసుకొస్తే రేకు తెరుచుకుంటుంది. షెల్ లోపలే ఉండిపోయిందా, దారి మూసే ఉంటుంది, రెండోది వేద్దామన్నా పట్టదు. బ్యాటరీ లేదు, వైరు లేదు, సాఫ్ట్‌వేర్ అసలే లేదు. స్టాలిన్ హయాంలో, మనిషి ప్రాణానికి విలువ కట్టడంలో పెద్ద పేరు లేని రాజ్యంలో, ఎవరో ఇంజనీరుకు తట్టిన ఈ ముక్క ప్రాణాల విలువ గురించి రోజూ ఉపన్యాసాలిచ్చే రాజ్యాలకు ఎందుకు ఒంటబట్టలేదో!

అడిగితే జవాబులు సిద్ధంగా ఉంటాయి. మొదటిది బరువు. గొట్టాన్ని భుజాన మోసుకుంటూ కొండలెక్కే సైనికుడికి ఇంకో చిన్న ముక్క కూడా భారమేనట. అమెరికన్ల 81 మి.మీ. ఎం252 మూతికి ఇప్పటికే గరాటులాంటి తొడుగు ఒకటి ఉంది. పేలుడు తాకిడి దగ్గరున్నవాళ్ళ మీద తగ్గించడానికి పెట్టింది. మూతి దగ్గర చెవుల కోసం చోటు దొరికింది, ఆ చెవులు తగిలించుకున్న తల కోసం మాత్రం దొరకలేదు.

రెండోది అలవాటు. పరికరం మీద ఆధారపడితే సైనికుడు బద్ధకిస్తాడు, డ్రిల్ మరిచిపోతాడు. ఈ వాదన చేసే పెద్దమనిషి ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉండే ఉంటుంది. తిరుగుతున్నప్పుడు దాని తలుపు ఎంత లాగినా రాదు. ఆ తాళంవల్ల ఆ ఇంటివాళ్ళు బట్టలుతకడం మరిచిపోయారా? చెడ్డీలకు దక్కిన జాగ్రత్త ఆ చెడ్డీ వేసుకున్న సైనికుడికి దక్కకూడదా?

మూడోదానిలో కొంత నిజముంది కాబట్టి వెక్కిరించబుద్ధి కావడంలేదు. అడ్డురేకు వేగాన్ని తగ్గిస్తే, మాటిమాటికీ పట్టేస్తుంటే, కుర్రాళ్ళు దాన్ని ఊడబెరికి అవతల పారేస్తారు. పైన శత్రువు కాలుస్తుంటే ఎవరైనా అదే చేస్తారు. రేకు బదులు షెల్స్ లెక్కపెట్టే సెన్సర్ పెడదామన్నా ఇదే గండం. మూతి దగ్గర మంట, మందు మసి, బురద, ప్రతి పేలుడుకీ గొట్టం అదిరే అదురు. వీటన్నిటినీ తట్టుకోవాలి. షెల్ లోపలికి దిగడాన్ని అయస్కాంత తీగచుట్ట పట్టుకోగలదు. అది పేలి పోవడాన్ని గొట్టం అదురే పట్టిస్తుంది. ఒకటి దిగింది, ఒకటి పోయింది: లెక్క సరి. దిగింది, పోలేదు: ఆపు. ఇంత చిన్న కూడిక తీసివేత కోసం రాకెట్ సైన్సు అక్కర్లేదు గానీ, పొరపాటున లేనిపోని ఎర్రదీపం నాలుగుసార్లు వెలిగితే అయిదోసారి దాన్నెవరూ నమ్మరు. అసలు కష్టం ఇక్కడుంది. పరిశోధన చేయాల్సిందీ ఇక్కడే.

కానీ ఆయుధాల ప్రదర్శనల్లో అమ్మేవాళ్ళ తీరు వేరు. సెన్సర్ అనగానే దానికి ఒక తెర, తెరకు ఒక యాప్, యాప్‌కు ఒక ఏఐ తగిలిస్తారు. గొట్టం ఎంత వేడెక్కింది, ఎన్ని షెల్స్ పోయాయి, ఈ వారం సగటెంత, అన్నీ రంగురంగుల బొమ్మల్లో కమాండర్ గారి ట్యాబ్‌లో కనపడతాయి. షెల్ చేతిలో పట్టుకున్నవాడికి ఏం కనపడుతుంది? రాత్రిపూట దీపం వెలిగితే శత్రువుకే ముందు కనపడుతుంది. బీప్ మంటే చెవుల్లో దూది. చేతిని ఆపాల్సిన పరికరం వెనక గుడారంలో ఉన్న ఆఫీసరుకు కబురు పంపుతానంటే, ఆ కబురు చేరేసరికి రెండో షెల్ కూడా చేరుతుంది. సెన్సర్ పసిగట్టాలి, రేకు మూసుకోవాలి. మిగతాదంతా టెండరు కోసం.

‘మానవ తప్పిదం’ అనే మాట రుచి మనకూ కొత్తేం కాదు. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ముందు వెళ్తున్న పాసింజరును వెనక పాసింజరు గుద్ది 14 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఇంజిన్ నడిపినవాళ్ళూ ఉన్నారు. తెల్లారేసరికే కారణం దొరికింది: మానవ తప్పిదం. కొన్ని నెలలకు రైల్వే మంత్రి, వాళ్ళు ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నారని సెలవిచ్చారు. ఎర్ర సిగ్నల్ దాటితే రైలును తనంతట తానే ఆపే కవచ్, దక్షిణ మధ్య రైల్వేలో ఎన్నో ఏళ్ళు పరీక్షలు చేసి చూసుకున్న కవచ్, ఆ దారిలో లేదు. అది లేకపోవడం ఎవరి తప్పిదమో, ఆ తప్పిదం చేసినవాళ్ళు ఆ సాయంత్రం ఏ మ్యాచ్ చూస్తున్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మానవ తప్పిదమే, నేను కాదనను. షెల్ వదిలినవాడు మానవుడే. గొట్టం గీసినవాడూ, దానికి అడ్డురేకు వద్దని బరువు లెక్క వేసినవాడూ, కొనుగోలు కాగితంలో ఆ వరస కొట్టేసినవాడూ మానవులే కదా. వాళ్ళ తప్పిదానికి ఇరవై ఏళ్ళ వ్యవధి, ఏసీ గది, నిద్ర చాలిన కళ్ళు, టీ బిస్కెట్లు ఉన్నాయి. కుర్రాడికి మూడు సెకండ్లు. ఎవరికి ఎక్కువ సమయం దొరికిందో వాళ్ళనే ముందు అడగడం లోకరీతి.

కాబట్టి దర్యాప్తు సంఘాలకు చిన్న మనవి. మీ నివేదిక నమూనా మార్చమని అడగను, చివరి రెండు మాటలు కూడా అలాగే ఉంచుకోండి. వాటి పైన నాలుగు గళ్ళు కొట్టండి చాలు. మూతికి అడ్డు ఉందా, లేదా? లేకపోతే వద్దన్నది ఎవరు? ఏ ఫైలులో? పేరు, హోదా, తేదీ, సంతకం.