మీటరయ్యగారు

చక్రాయపేట మండలమున గండి వీరాంజనేయస్వామి దర్శనమునకు వచ్చి, పాపఘ్ని నీటిని శిరమున చల్లుకొని తరించు భక్తజనము ఒక తెగ కాగా, తీర్థమున టీడీఎస్ మీటరు ముంచి చూచినగాని పుచ్చుకొననివారు మరియొక తెగ. ఈ రెండవ తెగకు కులపతి మా మీటరయ్యగారు. ఆయన అసలు పేరు ఊరెన్నడో మరచినది. పెండ్లికి పిలిచినచో అక్షతలు వేయుటకు పూర్వమే వంటశాలలోని డ్రమ్మును పరీక్షింతురు, పరామర్శకు పోయినచో, పోయినవాడు ఏ బోరునీరు త్రాగెడివాడో విచారించి, మీటరు ముంచి, "740! నేననుకొన్నదే!" అని తల పంకించి, ఏడ్చువారికి మరియొక కారణము సమకూర్చి లేచి వత్తురు.

ఆయన భయము నిరాధారమనుటకు వీలులేదు. వేంపల్లె దాటి వేముల మండలమునకు పోయినచో తుమ్మలపల్లె యురేనియం గని కలదు. శుద్ధి కర్మాగారపు వ్యర్థములు చేరు చెరువునకు దాపుననున్న కె.కె. కొట్టాల రైతులు తమ బోర్ల నీరు చెడినదని మొరపెట్టుకొనుటయు, 2019లో కాలుష్య నియంత్రణ మండలి యురేనియం కార్పొరేషనుకు నోటీసు పంపుటయు పత్రికలు చదువువారు ఎరిగినవే. చిక్కంతయు ఆ భయమును కొలుచుటకు ఆయన చేపట్టిన సాధనముననే ఉన్నది. మీటరు నీటి విద్యుద్వాహకతను బట్టి కరిగిన లవణముల మొత్తమును అంచనా కట్టునే గాని, అందున్నది సున్నమో సీసమో ఎరుగదు. యురేనియమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. దానికి పదిరెట్లు కలిసినను మీటరు మీది అంకె కదలదు. లోహముల లెక్క తేలవలెనన్నచో నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, నత్రికామ్లపు చుక్కలు వేసి, తగిన యంత్రములున్న ప్రయోగశాలకు పంపవలెను. "పంపరాదా?" యన్నచో, "వాళ్ల కాగితం వచ్చేదాకా జనాన్ని చావమంటారా?" అని కసరుదురు. కాగితము వచ్చెనా, ప్రసంగము ముగియునని ఆయనకు తెలియును.

ఆయన బ్రహ్మాస్త్రము కరెంటు కడ్డీల పెట్టె. రెండు గ్లాసులలో, ఒకదానిలో కుళాయి నీరు, రెండవదానిలో క్యాను నీరు పోసి, కడ్డీలు ముంచి మీట నొక్కగనే, కుళాయి నీరు నిమిషములో ఇటుకరంగు బురదయై నురుగు క్రక్కును. లవణములు తక్కువగా నుండి విద్యుత్తు పారని క్యాను నీరు తేటగనే నిలుచును. "చూసితిరా ఇనుము!" అని ఆయన సభవైపు తిరుగునప్పటికి ఆడవారు ముక్కున వ్రేలు వేసికొందురు.

మొన్న ఒక అవ్వ మాత్రము గ్లాసును ఎత్తి చూచి, "కడ్డీ పెట్టకముందు తేటగానే ఉన్నాయి గదా నాయనా, ఇనుము యాడిది? నీ కడ్డీదే కాదా?" అని అడిగెను. సభ నవ్వినది. మీటరయ్యగారు చలింపలేదు, సగమునకు సన్నబడిన ఆ కడ్డీలను పైకెత్తి, ఇనుమునే ఇంతగా తినివేసిన నీరు ప్రేగులను విడుచునా యని తిరిగి ప్రశ్నించి, క్రొత్త కడ్డీలకై అక్కడనే చందా పుస్తకము తెరచిరి.