ఏకపంక్తికి వాడరేవు వ్యాఖ్య

మూలము: గిట్ పుష్ ఒరిజిన్ మెయిన్.

అవతారిక: చీరాలకు చేరువనున్న వాడరేవు కడలియొడ్డున గదులు అద్దెకిచ్చు విడిదివారొకరు తమ వెబ్‌సైటులో కార్తికమాసపు అద్దెలు మార్చదలచిరనుకొందము. పూర్వాచారమున వారి కుర్రవాడు ఎఫ్‌టీపీ తెరచి, ఫైళ్లను ఒక్కొక్కటిగా సర్వరులోనికి లాగి, అందొకటి మరచి, మరచినదేదియో గుర్తింపజాలక మరల అన్నింటిని లాగుచుండగా, పౌర్ణమి సముద్రస్నానమునకు బయలుదేరిన గుంటూరు జనులు పాత అద్దెలే చూచి ఫోను చేయుచుందురు. ఆ క్లేశనివారణకు ప్రవృత్తమైనది ఈ సూత్రము.

ప్రతిపదార్థము: గిట్ = లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిలులో లినక్సు కర్నెలు నిర్మాణార్థము ఆరంభించిన, ఫైళ్ల పూర్వాపర రూపములను భద్రపరచు సాధనముచేత; మెయిన్ = ప్రధానశాఖను; ఒరిజిన్ = దూరమందలి రిపాజిటరీకి, అనగా ఫైళ్ల భాండాగారమునకు; పుష్ = పంపుము. ‘మాస్టర్’ అను పాఠాంతరము ప్రాచీన ప్రతులయందు కలదు. 2020 అక్టోబరు నుండి, రిపాజిటరీలను ఇంటర్నెట్టున నిలుపు గిట్‌హబ్‌వారు క్రొత్త రిపాజిటరీలకు ‘మెయిన్’ పాఠమునే అంగీకరించిరి గనుక మేమును దానినే గ్రహించితిమి.

టీక: పంపుట చెప్పబడినది గాని ప్రచురించుట ఎచ్చటను చెప్పబడలేదే యని శంక. సత్యమే, అది వాచ్యము గాదు, వ్యంగ్యము. సర్వరునందలి రిపాజిటరీలో హుక్స్ అను ఫోల్డరొకటి యుండును; అందు పోస్ట్-రిసీవ్ అను పేర, ఎట్టి ఎక్స్‌టెన్షను తోకయు లేకుండ, ఒక చిన్న స్క్రిప్టు వ్రాసి నిలిపినచో, పంపినది చేరిన తోడనే గిట్ దానిని మేల్కొలిపి, పాత కమిట్ (అనగా భద్రపరచిన మార్పు) సంఖ్యను, క్రొత్త కమిట్ సంఖ్యను, శాఖ పేరును చెవిని వేయును. శాఖ మెయిన్ అయినచో స్క్రిప్టు ‘చెకౌట్ -ఎఫ్’ అని పలికి ఫైళ్లను వెబ్ ఫోల్డరునందు పరచును. ఈ స్క్రిప్టునకు నడచుటకు అనుమతి నీయ మరచినవారికి పుష్ సఫలమగును, సైటు మాత్రము కదలదు. పెక్కుమంది మొదట తడబడునది ఇచ్చటనే. ఒరిజిన్ గిట్‌హబ్‌నందే యున్నవారు ఈ పనిని గిట్‌హబ్‌వారి యాక్షన్స్ అను స్వయంచాలక సేవకు అప్పగింతురు.

ఇక ‘-ఎఫ్’ (ఫోర్స్, అనగా బలాత్కారము) అను ఏకాక్షరమున ఈ శాస్త్రపు కాఠిన్యమంతయు నిమిడియున్నది. రాత్రివేళ యజమాని తొందరపెట్టగా కుర్రవాడు సర్వరులోనికే దూరి అద్దెపట్టికను దిద్దెనేని, మరునాటి పుష్ ఆ దిద్దుబాటును నిర్దాక్షిణ్యముగ తుడిచివేయును. ఇది అన్యాయమని వాపోవువారు మన మెతుకుసీమ కోలాచలమునకు చెందిన మల్లినాథసూరి ప్రతిజ్ఞను స్మరింతురుగాక: మూలమున లేనిది వ్రాయననియు, అనపేక్షితము పలుకననియు ఆ మహావ్యాఖ్యాత నియమము. సర్వరును వ్యాఖ్యానము వంటిదే. రిపాజిటరీయందు లేని మాట పలుకుట కది అధికారము లేనిది. మా తీర్పు తుడిచివేతకే అనుకూలము. రిపాజిటరీ ఎన్నడు నెరుగని ఫైళ్లను, అనగా అతిథులు పంపిన ఛాయాచిత్రాదులను, చెకౌట్ సాధారణముగ ముట్టదు గనుక అది క్రూరమే గాని అవివేకము గాదు.

తాత్పర్యము: మార్పును కమిట్ చేసి పంపుము, తక్కినది యంత్రము చూచుకొనును.

విశేషములు: పోస్ట్-రిసీవ్‌నకు నిరాకరించు హక్కు లేదు, అది జరిగినదానిని విను సాక్షి మాత్రమే, తప్పు సరకును వాకిట నిలుపవలెనన్న ప్రీ-రిసీవ్ అను ద్వారపాలకుని పెట్టవలెను. అయినను తప్పు లోనికి వచ్చెనా? వాడరేవునకు చేరువనున్న మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో అభయశాసనము వేయించెను. అంతకుముందు ఓడ పగిలి సరకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చినచో రాజులు దానిని హరించెడివారు. ఆయన నియతమైన సుంకము మాత్రము గైకొని సరకును వర్తకునకే విడిచెను. గిట్‌నందును అట్టి అభయమే: ‘రివర్ట్’ అని మరల పుష్ చేసిన నిన్నటి సైటు చెక్కుచెదరక తిరిగివచ్చును. గదుల బుకింగులు డేటాబేసునందుండునవి గనుక ఈ అభయము వానికి వర్తింపదు. వానికి వేరుగ బ్యాకప్ ఉండవలెను.

పాఠకులకొక మనవి: డేటాబేసు పాస్‌వర్డును మూలమున చేర్పకుడు, పిదప ఫైలును తొలగించినను పాత కమిట్లలో అది నిలిచియే యుండును. ఇదివరకే చేర్చియున్నవారు ఆ పాస్‌వర్డును నేడే మార్చుకొనుడు.