ఎర్రంచు

గాజువాక కుర్రాడొకడు ఎర్రబోరు సంతకు వచ్చాడు. అది శివరాత్రి వెళ్ళిన వారం. రాజమండ్రిలో రైలు దిగి, మారేడుమిల్లి ఘాటు ఎక్కి, చింతూరు మీదుగా కుంట చేరాడు. కుంట నుంచి ఛత్తీస్‌గఢ్. సుక్మా వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఎర్రబోరులో జీపు దిగాడు.

మెడలో కెమెరా ఉంది. కెమెరా కొత్తది, లెన్స్ పాతది.

విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో వచ్చిన రష్యన్ ఇంజినీరు ఒకాయన, తిరిగి వెళ్ళేటప్పుడు సామాన్లు అమ్ముకున్నాడు. కుర్రాడి తండ్రి జెనిత్ కెమెరా కొన్నాడు. కొన్నాళ్ళకు దాని షట్టర్ పోయింది. ముందున్న హీలియోస్ 44-2 లెన్స్ మాత్రం బట్టల బీరువాలో కలరా ఉండల మధ్య మిగిలింది. 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. జర్మన్ల బయోటార్ నమూనా మీద సోవియట్ యూనియన్‌లో చేసిన లెన్స్. దాని వెనకాల ఆకులున్న చెట్టు ఉంటే చాలు, ఆ ఆకులు మనిషి చుట్టూ సుడి తిరిగినట్టు పడతాయి. అది లోపమని ఆ రోజుల్లో అనుకునేవారు. ఇప్పుడు ఆ సుడి కోసమే వెతుక్కుని కొంటున్నారు.

జెనిత్‌లో లెన్స్ బిగించే చోటికీ ఫిల్ముకూ మధ్య దూరం 45.46 మిల్లీమీటర్లు. కుర్రాడి సోనీ కెమెరాలో 18 మాత్రమే. తక్కువపడ్డ దూరం కోసం మధ్యలో ఒక గొట్టం పెట్టాడు. దాన్ని అడాప్టర్ అంటారు. లోపల గాజు లేదు, తీగ లేదు, ఏమీ లేదు. అందుకని తనకొక లెన్స్ తగిలించారన్న సంగతి కెమెరాకు తెలియదు. లెన్స్ లేకపోయినా ఫొటో తియ్యమని మెనూలో చెప్పి ఒప్పించాలి. ఫోకస్ కూడా కెమెరా చూసుకోదు. చేత్తో తిప్పుకోవాలి.

చేత్తో తిప్పేవాళ్ళకు సాయంగా కెమెరాలో ఒక ఏర్పాటుంది. ఫోకస్ ఎక్కడ కుదిరిందో అక్కడి అంచుల వెంట తెర మీద సన్నటి రంగు గీతలు మెరుస్తాయి. కుర్రాడు ఎరుపు పెట్టుకున్నాడు. ఎండలో అదే బాగా కనిపిస్తుంది.

సంతలో కోడిపుంజులున్నాయి. ఎండుచేపలున్నాయి. జీలుగు కల్లు కుండలు ముందు పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. కుర్రాడు వాటి జోలికి పోలేదు. చివర్న చింతచెట్టు కింద ఒక ముసలాయన చింతపండు కుప్ప పోసుకుని కూర్చున్నాడు. వెనకాల ఆకులు, ఆకుల మధ్య వెలుగు. కుర్రాడికి కావలసింది అదే.

"తాతా, ఒక ఫొటో తీసుకుంటా."

"తీసుకో సారూ." ముసలాయన తెలుగు బాగానే మాట్లాడాడు. ఏటా మిరపకోతలకు చర్ల, వెంకటాపురం వైపు పోయి నేర్చుకున్న తెలుగు.

కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రింగు తిప్పాడు. ఎరుపు ముందు చింతపండు కుప్ప మీద మెరిసింది. ఇంకాస్త తిప్పితే ముసలాయన చేతివేళ్ళ మీదికి ఎక్కింది. ఇంకాస్త తిప్పితే గడ్డం. ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి తిప్పాడు. కనురెప్పలు, కళ్ళ కింది ముడతలు ఎర్రబడ్డాయి. ఎఫ్/2 దగ్గర కళ్ళకు కుదిరితే చెవులకు కుదరదు. ముసలాయన ఊపిరి పీల్చినా తప్పిపోతుంది. చాలాసేపు పట్టింది.

ముసలాయన మనవరాలు కుర్రాడి భుజం మీంచి తొంగిచూసి అరిచింది. ఆమె భాష కుర్రాడికి అర్థం కాలేదు. ముసలాయన లేచి వచ్చి తెరలోకి చూశాడు. ఆయన లేచిన చోట చెట్టు మొదలు ఎర్రగీతల్లో ఉంది.

"నన్ను గిట్లనే ఎర్రగ చేసినవా సారూ?"

"నిన్ను కాదు తాతా. ఫోకస్ ఎక్కడుందో చూపించే గీత. నాకోసం. ఫొటోలో రాదు."

తీసిన ఫొటో తెర మీదికి తెచ్చి చూపించాడు. ఎరుపు లేదు. ముసలాయన దగ్గరగా చూశాడు. తన మొహం మీద వేలు పెట్టి రుద్ది చూశాడు.

"రాకుంటెనే మంచిది," అని వెళ్ళి చింతపండు దగ్గర కూర్చున్నాడు.

ఇంకొకటి తీద్దామని కుర్రాడు రింగు మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. యూనిఫాం. భుజాన తుపాకి.

"ఏటి బాబూ, ఏటి తీస్తన్నావు? ఏ ఊరు?"

"గాజువాక అన్నా."

"మాది పలాస." జవాను మొహం విప్పారింది. "మనోడివే. అయినా మా సారు దగ్గరికి ఓపాలి రావాల."

2006 జూలైలో ఒక రాత్రి ఈ ఊళ్ళోని సహాయ శిబిరం మీద మావోయిస్టులు పడి ముప్పైమందికి పైగా చంపారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో సల్వాజుడుం నడిచిన రోజుల్లో అడవి పల్లెల నుంచి తెచ్చి అక్కడ పెట్టిన ఆదివాసులు వాళ్ళు. అప్పటినుంచి ఇక్కడికి కొత్త మనిషి వస్తే చేతిలో ఏముందో చూడకుండా వదలరు.

రోడ్డు అవతల ముళ్ళకంచె, ఇసుక బస్తాలు, లోపల ఒక గది. అధికారి కుర్చీలో కూర్చుని కెమెరా అందుకున్నాడు. ఆయన హిందీలో అడిగాడు. కుర్రాడు తనకు వచ్చిన హిందీలో చెప్పాడు. తడబడిన చోట పలాస జవాను అందుకున్నాడు.

అధికారి లెన్స్‌ను వెలుతురు వైపు తిప్పి, రింగు మీద చెక్కిన అక్షరాలు చదివాడు. మేడ్ ఇన్ యూఎస్ఎస్ఆర్.

"ఈ దేశం ఎక్కడుంది?"

"లేదు సార్. 1991లో పోయింది."

"మరి ఇది?"

"ఇది ఉంది సార్."

అధికారి ఫొటోల వివరాలు తెరిచాడు. కెమెరా పేరు ఉంది. తేదీ ఉంది. టైము ఉంది. లెన్స్ పేరు ఉండవలసిన చోట ఏమీ లేదు.

"ఇక్కడ ఎందుకు ఖాళీ?"

"లెన్స్ ఉన్నట్టు కెమెరాకు తెలీదు సార్."

"కళ్ళకు ఎదురుగా తగిలించి ఉంటే తెలీదా?"

కుర్రాడు గొట్టం సంగతి చెప్పాడు. జవాను దాన్ని హిందీలో చెప్పాడు. అధికారి కాసేపు ఆగి, కెమెరా కిటికీ వైపు పెట్టి రింగు తిప్పాడు.

ముందు ముళ్ళకంచె ఎర్రబడింది. ఇంకాస్త తిప్పితే కంచె మామూలైపోయి, రోడ్డు పక్క టీ కొట్టువాడు ఎర్రబడ్డాడు. ఇంకాస్త తిప్పితే టీ కొట్టువాడిని వదిలి కల్లు కుండల దగ్గర ఆడవాళ్ళ మీదికి పోయింది. రింగు చివరిదాకా వచ్చేసరికి చింతచెట్టు కింద ముసలాయన, పక్కన మనవరాలు.

అధికారి రింగు వెనక్కి తిప్పాడు. ఎరుపు అదే వరసలో వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు తిప్పాడు.

"వీళ్ళందరికీ ఎందుకు గుర్తులు పెట్టావు?"

"గుర్తులు కాదు సార్."

"గుర్తులు కాకపోతే ఫొటోల్లో ఎందుకు లేవు? చెరిపేశావా?"

"చెరపడానికి ఫొటోల్లోకి రావు సార్. తెర మీదే కనిపిస్తాయి. ఎవరి మీద ఫోకస్ కుదిరితే వాళ్ళ అంచులకు ఎరుపు వస్తుంది. వాళ్ళెవరో కెమెరాకు తెలీదు."

"అంటే ఎవరి మీద గురి కుదిరితే వాళ్ళు ఎరుపు."

"అంతే సార్."

అధికారి బల్ల మీది రిజిస్టరు తన ముందుకు లాక్కున్నాడు. కొత్తవాళ్ళ వివరాలు రాసే రిజిస్టరు. కుర్రాడి పేరు, ఊరు రాశాడు. వస్తువు దగ్గర సోవియట్ లెన్స్ అని రాశాడు. రిమార్కుల గడిలో, గురి కుదిరినవారు ఎరుపు, అని రాశాడు.

కుర్రాడికి అది చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"సార్, ఒక్కసారి ఇవ్వండి. చూపిస్తాను."

కెమెరా తీసుకుని తెరను బయటికి లాగి ఎదుటివాళ్ళకు కనిపించేలా తిప్పాడు. లెన్స్‌ను అధికారి మీద పెట్టి రింగు తిప్పాడు. ముందు బల్ల మీది రిజిస్టరు ఎర్రబడింది. తర్వాత పెన్ను పట్టుకున్న చెయ్యి. తర్వాత గుండీలు. తర్వాత మీసం, కళ్ళు, టోపీ అంచు, భుజం మీది నక్షత్రాలు.

తెరలోకి చూస్తూ అధికారి కదల్లేదు. గుమ్మం దగ్గర నించున్న ఇంకో జవాను కూడా చూశాడు. పలాస జవాను పైకప్పు వంక చూస్తూ నించున్నాడు.

"ఇంకే రంగులున్నాయి?" అని అధికారి అడిగాడు.

"పసుపు, తెలుపు సార్."

"తెలుపు పెట్టు."

కుర్రాడు మెనూ తెరిచి ఎరుపు దగ్గరి గుర్తును తెలుపు మీదికి జరిపి మీట నొక్కాడు. మీసం, కళ్ళు, టోపీ, నక్షత్రాలు తెల్లగా మెరిశాయి. అధికారి తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. రిజిస్టరులో ఎరుపు అన్న మాట కొట్టేసి పైన తెలుపు అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

టీ తెప్పించాడు. తాగుతూ ఈ లెన్స్ ఎంతుంటుందని అడిగాడు. తనదొక ఫొటో తీసి ఇంటికి పంపమని ఫోన్ నంబరు ఇచ్చాడు. కుర్రాడు కిటికీ పక్కన నించోబెట్టి తీశాడు. బాగా వచ్చింది.

గేటు దాకా వచ్చి పలాస జవాను చెప్పాడు. "మా సారు మంచోడే బాబూ. నీ అదృష్టం బాగుంది, రంగు మార్చే మిషన్ తెచ్చావు."

కుర్రాడు సంతలోకి వచ్చేసరికి పొద్దు వాలింది. కల్లు కుండలు ఖాళీ అయ్యాయి. చింతచెట్టు కింద ముసలాయన అమ్ముడుపోని చింతపండు గోనెలోకి ఎత్తుతున్నాడు.

"తాతా, ఇంకొక్క ఫొటో."

"తీసుకో సారూ."

రింగు తిప్పాడు. ఈసారి తెలుపు కుప్ప మీద మెరిసి, వేళ్ళ మీదికి ఎక్కి, కళ్ళ దగ్గర ఆగింది. తెల్లగడ్డం మీద తెల్లగీత సరిగ్గా కనిపించక కాస్త కష్టపడ్డాడు. మనవరాలు తొంగిచూసి మళ్ళీ ఏదో అరిచింది. ముసలాయన లేచి వచ్చి చూశాడు. మనవరాలిని అక్కడ కూర్చోబెట్టి, ఆమెను చూపించమన్నాడు. ఆమె కూడా తెల్లగా ఉంది.

"పొద్దుగాల ఎర్రగుంటిమి. ఇప్పుడు తెల్లగైతిమి. మేం ఏం చేసినం సారూ?"

"మీరేం చెయ్యలేదు తాతా. క్యాంపులో పెద్దసారు ఎరుపు వద్దన్నాడు. తెలుపు పెట్టమన్నాడు. మీట నొక్కాను, మారిపోయింది."

"ఎంతసేపు పట్టింది?"

"ఎంతసేపు? నొక్కినంతసేపే."

ముసలాయన గోనె మూతి దగ్గరికి లాగి తాడు బిగించాడు. మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు.

"అట్లయితె ఆ పెద్దసారుకు నా మాటొకటి చెప్పి పో సారూ. దీని నాయిన నాలుగేండ్ల సంది జగదల్‌పూర్ జైల్ల ఉన్నడు. ఆ మీట వానికి గూడ ఒకసారి నొక్కమను."